ఒకే జాబితాలో రసాయనమూ ఎన్‌క్రిప్షనూ

హైదరాబాద్ దగ్గరి కాజీపల్లి పారిశ్రామికవాడలో ఎగుమతుల పని చూసేవారికి స్కోమెట్ అనే పేరు కొత్త కాదు. ప్రత్యేక రసాయనాలు, జీవులు, పదార్థాలు, పరికరాలు, సాంకేతికతల జాబితా అది. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీఎఫ్‌టీ, దాన్ని ప్రకటిస్తుంది. శాంతియుతమైన పనికి వాడే సరుకు మరొకరి చేతిలో ఆయుధంగా మారే వీలుంటే అది ఈ జాబితాకెక్కుతుంది. బల్క్ డ్రగ్స్ తయారీలో తరచూ వాడే థయోనిల్ క్లోరైడ్, ఫాస్ఫరస్ ఆక్సీక్లోరైడ్ రెండూ రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందంలోని మూడో షెడ్యూల్లో ఉన్నాయి. అందుకే అవి స్కోమెట్‌లోనూ ఉన్నాయి. వాటిని దేశం దాటించేవారు ఎవరికి, ఎంత, ఎందుకు పంపుతున్నారో ప్రభుత్వానికి చెప్పాలి. చెప్పమనడంలో అన్యాయమేమీ లేదు.

ఆ జాబితాలోనే ముందుకు వెళ్తే ఎనిమిదో విభాగం వస్తుంది. 2017 ఏప్రిల్ 24న నోటిఫై అయి, మే 1 నుంచి అమల్లోకి వచ్చిన విభాగం అది. అందులో ‘సమాచార భద్రత’ అనే శీర్షిక కింద ఎన్‌క్రిప్షన్ పరికరాలు, సాఫ్ట్‌వేర్ కనిపిస్తాయి. విషవాయువుకు ముడిసరుకు కాగల ద్రవమూ, ఒకరి ఉత్తరాన్ని ఇంకొకరు చదవకుండా కాపాడే గణితమూ ఒకే జాబితాలోకి ఎలా చేరాయి? ఈ రెండింటికీ ఒకే రకం కట్టడి పనిచేస్తుందా?

ఈ ప్రశ్న కాజీపల్లికి దూరపు సంగతి కాదు. విదేశీ కొనుగోలుదారు రహస్య ఒప్పందం మీద పంపిన తయారీ ప్రక్రియ, అమెరికా ఎఫ్‌డీఏకి సమర్పించే డ్రగ్ మాస్టర్ ఫైలు, ల్యాబ్‌లో యంత్రాలు నమోదు చేసే పరీక్షల డేటా, ఇవన్నీ ఈరోజు ఎన్‌క్రిప్షన్ చాటునే ప్రయాణిస్తాయి. షిఫ్టు దిగిన ఒడిశా కార్మికుడు ఫోన్‌లో ఇంటికి పంపే డబ్బూ అంతే. ఎన్‌క్రిప్షన్ ఎంత బలంగా ఉండవచ్చో చట్టం నిర్ణయిస్తే, వీళ్ళందరి భద్రతకూ అదే హద్దు అవుతుంది.

కీ పొడవు, దాని బలం

చదవగలిగే సమాచారాన్ని ఒక సంఖ్య సాయంతో చదవలేని రూపంలోకి మార్చడమే ఎన్‌క్రిప్షన్. ఆ సంఖ్యను కీ అంటారు. మంచి పద్ధతి ప్రపంచమంతటికీ తెలిసినా ఫరవాలేదు. కీ తెలియనంతవరకూ లోపలి సంగతి బయటికి రాదు. దొంగకు మిగిలే దారి, సాధ్యమైన కీలన్నిటినీ ఒక్కొక్కటిగా ప్రయత్నించి చూడడం. సూట్‌కేసుకు ఉండే మూడంకెల నంబరు తాళాన్ని 000 నుంచి 999 దాకా తిప్పి చూసినట్టే.

కీ పొడవును బిట్లలో కొలుస్తారు. ఒక్క బిట్ పెరిగితే ప్రయత్నించాల్సిన కీల సంఖ్య రెట్టింపవుతుంది. 40 బిట్ల కీ అయితే దాదాపు లక్షా పది వేల కోట్ల కీలు సాధ్యం. చూడడానికి పెద్ద సంఖ్యే, కానీ కంప్యూటర్‌కు కాదు. 1995 ఆగస్టులో ఫ్రాన్స్‌లో డామియెన్ డోలిజే అనే పరిశోధకుడు చాలా కంప్యూటర్లను కలిపి, నెట్‌స్కేప్ బ్రౌజర్ వాడిన 40 బిట్ల కీని ఎనిమిది రోజుల్లో కనుక్కున్నాడు. 1997 జనవరిలో బర్కిలీ విద్యార్థి ఇయాన్ గోల్డ్‌బర్గ్‌కు అంతే పొడవున్న మరో కీని పట్టడానికి మూడున్నర గంటలు సరిపోయాయి. 1998 జులైలో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ రెండున్నర లక్షల డాలర్ల లోపు ఖర్చుతో ఒక యంత్రాన్ని కట్టి, 56 బిట్ల కీని రెండున్నర రోజుల్లోపే బయటపెట్టింది. 128 బిట్లకు వస్తే లెక్క పూర్తిగా మారిపోతుంది. ఆ కీలన్నిటినీ ప్రయత్నించగల యంత్రం ఇప్పటిదాకా ఎవరి దగ్గరా లేదు.

దేశాలు ఎన్‌క్రిప్షన్ మీద చేసిన చట్టాలు ఎక్కువగా ఈ అంకెల చుట్టూనే తిరిగాయి.

అమెరికా గీసిన గీత

ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో ఎన్‌క్రిప్షన్ సైన్యానికీ, గూఢచార సంస్థలకూ, రాయబార కార్యాలయాలకూ చెందిన వ్యవహారం. అందుకే అమెరికా దాన్ని తన ఆయుధ సామగ్రి జాబితాలో పెట్టింది. ఇంటర్నెట్ రాకతో బ్యాంకు ఖాతాదారుకూ, దుకాణదారుకూ కూడా అది అవసరమైంది. చట్టం మాత్రం అక్కడే ఆగిపోయింది.

1991 జూన్‌లో ఫిల్ జిమ్మర్‌మన్ అనే ప్రోగ్రామర్ మామూలు మనుషులు తమ ఈమెయిళ్ళను కాపాడుకోవడానికి పీజీపీ అనే సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా విడుదల చేశాడు. అది ఇంటర్నెట్ ద్వారా సరిహద్దులు దాటింది. లైసెన్సు లేకుండా ఆయుధ సామగ్రిని ఎగుమతి చేశాడా అన్న అనుమానంతో 1993లో ఆయన మీద దర్యాప్తు మొదలైంది. మూడేళ్ళ తర్వాత, 1996 జనవరిలో, ఏ అభియోగమూ మోపకుండానే ముగిసింది. ఈలోగా 1995లో ఎంఐటీ ప్రెస్ ఆ సాఫ్ట్‌వేర్ సోర్స్ కోడ్ మొత్తాన్ని పుస్తకంగా అచ్చువేసింది. ఫ్లాపీలో పంపితే లైసెన్సు కావాలి. అదే కోడ్ పుస్తకంగా వెళ్తే ఆపే నిబంధన లేదు. విదేశాల్లో పీజీపీ పుస్తకాల పేజీలను స్కాన్ చేసి తిరిగి సాఫ్ట్‌వేర్‌గా మార్చుకున్నారు.

రసాయనానికీ, సాఫ్ట్‌వేర్‌కూ ఉన్న తేడా ఇక్కడ తేటపడుతుంది. థయోనిల్ క్లోరైడ్ డ్రమ్ముకు బరువుంది. స్టాకు రిజిస్టరులో దానికి లెక్కుంది. ఫ్యాక్టరీ గేటు దాటేటప్పుడు కాగితం కావాలి, రేవులో కస్టమ్స్ వాళ్ళు చూస్తారు. అంతర్జాతీయ తనిఖీదారులు వస్తే ఎంత కొన్నారు, ఎంత వాడారు, ఎంత మిగిలింది అని తూచి చూడగలరు. ఒకచోట ఉన్న డ్రమ్ము అదే సమయంలో ఇంకోచోట ఉండదు. సాఫ్ట్‌వేర్‌కు ఇవేవీ వర్తించవు. కాపీ తీసినా అసలు తరగదు. దాని వెనకున్న గణితం విశ్వవిద్యాలయాల్లో పాఠంగా చెబుతారు. అందువల్ల ఎగుమతి లైసెన్సు అనే కట్టడి, అనుమతి అడిగేవాళ్ళను మాత్రమే ఆపగలదు. చట్టాన్ని లెక్కచేయనివాడు ఎలాగూ అడగడు.

అమెరికా న్యాయస్థానాల్లోనూ ఈ ప్రశ్న లేచింది. డేనియల్ బెర్న్‌స్టీన్ అనే విద్యార్థి తాను రాసిన ఎన్‌క్రిప్షన్ కోడ్‌ను ప్రచురించడానికి లైసెన్సు ఎందుకని కోర్టుకెక్కాడు. సోర్స్ కోడ్ కూడా భావ వ్యక్తీకరణే, దానికి రాజ్యాంగ రక్షణ ఉందని 1996లో న్యాయమూర్తి మెరిలిన్ హాల్ పటేల్ అన్నారు. ఆ ఏడాది నవంబరులోనే వాణిజ్య అవసరాల ఎన్‌క్రిప్షన్‌ను ఆయుధ జాబితా నుంచి వాణిజ్య శాఖ అజమాయిషీకి మార్చారు. 2000 జనవరిలో నిబంధనలను బాగా సడలించారు.

గీత గీసినవారికే తగిలిన దెబ్బ

ఆ సడలింపు దాకా అమెరికా కంపెనీలు ఒకే బ్రౌజర్‌ను రెండు రకాలుగా తయారు చేసేవి: స్వదేశంలో వాడకానికి 128 బిట్లు, విదేశాలకు 40 బిట్లు. హైదరాబాద్‌లో, పటాన్‌చెరులో ఇంటర్నెట్ మొదలుపెట్టినవారికి అందుబాటులో ఉన్నది ఆ రెండో రకమే. 1997 ఆగస్టులో ఎఫ్‌డీఏ ఎలక్ట్రానిక్ రికార్డుల నిబంధన, మన ఫార్మావాళ్ళందరికీ తెలిసిన ‘పార్ట్ 11’, అమల్లోకి వచ్చింది. బయటి నెట్‌వర్కుల మీదుగా రికార్డులు పంపేటప్పుడు డాక్యుమెంట్ ఎన్‌క్రిప్షన్, డిజిటల్ సంతకం వంటి అదనపు రక్షణలు ఉండాలని అందులో ఉంది. అంటే అదే దేశంలో ఒక శాఖ రక్షణ కావాలని అడుగుతుంటే, మరో శాఖ విదేశీయులకు బలహీనమైన రక్షణనే అందనిస్తోంది.

నిబంధన సడలినా, బలహీనమైన ఎన్‌క్రిప్షన్ పోలేదు. ‘ఎగుమతి స్థాయి’ అని పిలిచే ఆ పద్ధతులు పాత పరికరాలతో మాట కలపడానికి సర్వర్లలో అలాగే ఉండిపోయాయి. 2015 మార్చిలో ఫ్రీక్, మేలో లాగ్‌జామ్ అనే రెండు లోపాలు బయటపడ్డాయి. మధ్యలో దూరిన వ్యక్తి రెండు ఆధునిక కంప్యూటర్లను మభ్యపెట్టి, 1990ల నాటి 512 బిట్ల ఎగుమతి కీలకు దిగజార్చగలడని తేలింది. ఒక కీ బహిరంగంగా, మరొకటి రహస్యంగా ఉండే పబ్లిక్ కీ పద్ధతుల్లో కీలు చాలా పొడవుండాలి కాబట్టి, 512 బిట్లంటే ఈ రోజుల్లో చాలా చిన్నది. అమెరికా ప్రభుత్వ సైట్లు సైతం ఆ లోపం బారిన పడ్డాయి. విదేశీయుల కోసమని చేసిన బలహీనత పదిహేనేళ్ళ తర్వాత సొంత పౌరులకే ముప్పయింది. బలహీనమైన ఎన్‌క్రిప్షన్‌కు తనవాడెవరో, పరాయివాడెవరో తెలియదు.

నిషేధాల కాలంలో విదేశాల్లో ఈ విద్య ఆగిందా అంటే, అదీ లేదు. అమెరికా 2001లో జాతీయ ప్రమాణంగా స్వీకరించిన ఏఈఎస్ పద్ధతిని రూపొందించింది జోన్ డేమెన్, విన్సెంట్ రైమెన్ అనే ఇద్దరు బెల్జియం దేశీయులు. ఈరోజు ప్రపంచంలో ఎక్కువ డేటాను కాపాడుతున్నది అదే.

మన 40 బిట్లు

ఎగుమతి మీద అమెరికా గీత గీస్తే, మన దేశం వాడకం మీదే గీసింది. 1998లో ప్రైవేటు ఇంటర్నెట్ సర్వీసులకు తలుపు తెరిచాక టెలికాం శాఖ ఇచ్చిన లైసెన్సుల్లో ఒక షరతు ఉండేది. వ్యక్తులైనా, సంస్థలైనా 40 బిట్ల కీ వరకే అనుమతి లేకుండా వాడవచ్చు. అంతకు మించితే ముందుగా లిఖితపూర్వక అనుమతి తీసుకోవాలి. డీక్రిప్షన్ కీని రెండు భాగాలు చేసి టెలికాం అధికారి దగ్గర డిపాజిట్ చేయాలి. అప్పటికే ఒక విద్యార్థి మూడున్నర గంటల్లో ఛేదించిన పొడవు అది.

మిగతా నియంత్రణ సంస్థలు ఆ షరతుతో పని నడవదని గ్రహించాయి. 2000 జనవరిలో సెబీ ఇంటర్నెట్ షేర్ల లావాదేవీలకు 64 లేదా 128 బిట్లను సిఫారసు చేసింది. 2001 జూన్‌లో రిజర్వ్ బ్యాంక్ ఇంటర్నెట్ బ్యాంకింగ్‌కు కనీసం 128 బిట్ల రక్షణ ఉండాలంది. ఈ రంగంలో పెద్ద పని హైదరాబాద్‌లోనే జరిగింది. మాసాబ్ ట్యాంక్‌లో రిజర్వ్ బ్యాంక్ 1996లో నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ, బ్యాంకుల సొంత నెట్‌వర్క్ ఇన్ఫినెట్‌ను నడిపింది. 2002లో బ్యాంకులకు డిజిటల్ సర్టిఫికెట్లు జారీ చేసే లైసెన్సూ పొందింది. బ్యాంకుల మధ్య డబ్బు బదిలీ సందేశాలు నమ్మకంగా కదలడానికి ఆధారం ఆ ఎన్‌క్రిప్షన్, ఆ డిజిటల్ సంతకాలే.

ఇలా ఒకే దేశంలో ఒక నిబంధన 40 బిట్లు దాటవద్దంటే, మరో నిబంధన 128కి తగ్గవద్దంది. ఏది పాటించాలో తెలియని పరిస్థితి నిజాయితీగా నడుచుకోవాలనుకునేవారికే ఎదురవుతుంది. 2008లో ఐటీ చట్టానికి చేసిన సవరణలో 84ఏ సెక్షన్ వచ్చింది. ఎన్‌క్రిప్షన్ పద్ధతులను కేంద్రం నిర్దేశించవచ్చని దాని సారాంశం. ఈ చిక్కుముడిని విప్పే అవకాశం అందులో ఉంది.

2015 సెప్టెంబరు ముసాయిదా

ఆ సెక్షన్ ఆధారంగా కేంద్రం 2015 సెప్టెంబరులో జాతీయ ఎన్‌క్రిప్షన్ విధానం ముసాయిదాను ప్రజల ముందు పెట్టింది. ఏ పద్ధతులు, ఎంత పొడవు కీలు వాడాలో ప్రభుత్వమే చెబుతుంది. ఎన్‌క్రిప్షన్ ఉత్పత్తులు అమ్మేవారు నమోదు చేసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యమైన షరతు ఇది: సంస్థలైనా, పౌరులైనా ఎన్‌క్రిప్ట్ చేసి పంపిన సమాచారం మామూలు పాఠాన్ని 90 రోజులు దాచి, అడిగినప్పుడు అధికారులకు చూపాలి.

ఇది కాజీపల్లిలోని ఒక ఫ్యాక్టరీకి ఎలా వర్తించేదో ఊహించండి. కొనుగోలుదారుకు పంపిన తయారీ ప్రక్రియ, మలినాల విశ్లేషణ, ధరల బేరం, అన్నిటికీ ఎన్‌క్రిప్షన్ లేని కాపీ ఒకటి మూడు నెలలపాటు సర్వర్లో ఉండాలి. అప్పుడు దొంగ దారిలో కాపు కాయనక్కర్లేదు. తెరిచి ఉంచిన గదికి వెళ్తే చాలు. ఏళ్ళ తరబడి కెమిస్టులు, ఇంజనీర్లు చెమటోడ్చి సాధించిన దిగుబడి రహస్యం ఆ గదిలోనే ఉంటుంది. కార్మికుడి ఫోన్ సంగతీ అంతే: తన భార్యకు పంపిన సందేశాన్ని ఆ 90 రోజుల్లో చెరిపేసినా నిబంధన తప్పినట్టయ్యేది.

దేశమంతటా వ్యతిరేకత రాగానే వాట్సాప్ లాంటి సేవలకూ, ఇంటర్నెట్ బ్యాంకింగ్‌కూ మినహాయింపు అంటూ ఒక అనుబంధం వెలువడింది. సెప్టెంబరు 22న అప్పటి మంత్రి రవిశంకర్ ప్రసాద్ ముసాయిదాను ఉపసంహరించారు. వెనక్కి తీసుకోవడం మంచి పనే. అయితే దాని స్థానంలో సరైన విధానం రాలేదు.

2017 తర్వాత ఎగుమతి

2017 డిసెంబరులో భారత్ వాసెనార్ ఒప్పందంలో 42వ సభ్యదేశంగా చేరింది. ఆయుధాలూ, రెండు విధాలా వాడగల సాంకేతికతల ఎగుమతి మీద దేశాలు కలిసి పాటించే కట్టడి అది. దానికి సిద్ధపడుతూనే స్కోమెట్‌లో ఎనిమిదో విభాగం చేర్చారు. మామూలు ఎన్‌క్రిప్షన్‌లో 56 బిట్లు, ఆర్‌ఎస్‌ఏ వంటి పబ్లిక్ కీ పద్ధతుల్లో 512 బిట్లు దాటితే కట్టడి పరిధిలోకి వస్తుంది. ఈరోజు పనికొచ్చే ఏ ఎన్‌క్రిప్షన్ అయినా వీటిని దాటుతుంది కాబట్టి అసలు సంగతంతా మినహాయింపుల్లోనే ఉంది. దుకాణాల్లో అందరికీ అమ్మే ఉత్పత్తులు, డిజిటల్ సంతకానికీ గుర్తింపు నిర్ధారణకూ మాత్రమే వాడేవి, అందరికీ బహిరంగంగా అందుబాటులో ఉన్న సాఫ్ట్‌వేర్, ఇలాంటివి కట్టడి బయట ఉంటాయి.

హైదరాబాద్‌లో ఫ్యాక్టరీల కోసం డేటా నిర్వహణ సాఫ్ట్‌వేర్ రాసి బయటి దేశాలకు అమ్మే చిన్న సంస్థ అయినా ఈ జాబితా చదవక తప్పదు. తమ ఉత్పత్తిలో ఎన్‌క్రిప్షన్ ప్రధానమా, అనుబంధమా అని తేల్చుకుని, ఆ నిర్ణయాన్ని కాగితం మీద పెట్టుకోవాలి. ఈమెయిల్‌లో పంపినా, క్లౌడ్‌లో డౌన్‌లోడ్‌కు ఇచ్చినా ఎగుమతేనని గుర్తుంచుకోవాలి. పెద్ద కంపెనీకి దీనికోసం న్యాయ విభాగం ఉంటుంది. చిన్నవాళ్ళకు ఈ భారం ఎక్కువ.

అమెరికాలో పనిచేసే తెలుగు ఇంజనీర్లకూ ఈ చట్టం మరో రూపంలో ఎదురవుతుంది. కట్టడిలో ఉన్న సాంకేతికతను అమెరికా గడ్డ మీదే విదేశీయుడికి చూపినా అతడి దేశానికి ఎగుమతి చేసినట్టే లెక్క. 2011 ఫిబ్రవరి నుంచి హెచ్-1బి కోసం యజమాని నింపే ఐ-129 దరఖాస్తులో, ఈ ఉద్యోగికి సాంకేతికత చూపడానికి లైసెన్సు కావాలా వద్దా అని ధ్రువీకరించాల్సిన భాగం ఉంది. పక్క సీటులోని సహోద్యోగితో మాట్లాడడమూ ఎగుమతి కిందికే రావచ్చన్నమాట.

దర్యాప్తు అవసరం, దాని హద్దు

ప్రభుత్వాల వైపు నిజమైన అవసరం లేదని అనను. పిల్లల అపహరణ, ఉగ్రవాదం, సైబర్ మోసాల కేసుల్లో పోలీసులకు ఆధారాలు కావాలి. ఐటీ చట్టంలోని 69వ సెక్షన్ ప్రకారం అధికారమున్న సంస్థ ఆదేశిస్తే డీక్రిప్ట్ చేయడంలో సహకరించాలి. నిరాకరిస్తే ఏడేళ్ళ వరకు శిక్ష పడవచ్చు. సందేశాలను చూసే వీలు కల్పించమని 2010లో బ్లాక్‌బెర్రీ ఫోన్ల కంపెనీకి కేంద్రం గడువు పెట్టింది. 2021 ఐటీ నియమాలు పెద్ద మెసేజింగ్ సేవలను ఒక సందేశాన్ని మొదట ఎవరు పంపారో చెప్పమన్నాయి. అలా చెప్పాలంటే అందరి సందేశాల జాడనూ ఉంచుకోవాల్సి వస్తుందని, ఎన్‌క్రిప్షన్ దెబ్బతింటుందని వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకెళ్ళింది.

ఒక్క నేరస్థుడి కోసం అతడి ఫోన్‌ను న్యాయబద్ధమైన ఆదేశంతో స్వాధీనం చేసుకోవడం వేరు. అందరి ఎన్‌క్రిప్షన్‌లోనూ ముందే ఒక రహస్య ద్వారం పెట్టించడం వేరు. మొదటిదానికి లక్ష్యం, రికార్డు, జవాబుదారీ ఉంటాయి. రెండోదానిలో ఆ ద్వారం తప్పుడు చేతుల్లో పడదన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. 2024లో అమెరికా టెలికాం కంపెనీల్లోకి చొరబడిన సాల్ట్ టైఫూన్ హ్యాకర్లు, కోర్టు ఆదేశాలతో జరిగే ఫోన్ నిఘాకు వాడే వ్యవస్థలనే చేరుకున్నారు. ఆ డిసెంబరులో అమెరికా అధికారులు తమ పౌరులకు ఎన్‌క్రిప్షన్ ఉన్న మెసేజింగ్ వాడమని సలహా ఇచ్చారు. ఒకప్పుడు దాన్ని ఆయుధమన్న ప్రభుత్వం అది. మన తెలంగాణలో 2024 మార్చిలో మొదలైన ఫోన్ ట్యాపింగ్ కేసు ఆరోపణలు ఇంకా న్యాయస్థానాల్లో తేలాలి. ఏం తేలినా, నిఘా అధికారానికి బయటి తనిఖీ ఎంత అవసరమో అది అందరికీ గుర్తుచేసింది.

రహస్యం ఎప్పుడూ మంచిదేనా అని కాజీపల్లి ఉన్న పటాన్‌చెరు ప్రాంతం అడిగితే ఆ ప్రశ్నను గౌరవించాలి. వాగుల్లోకి, కుంటల్లోకి వదిలిన వ్యర్థాల మీద 1990 నుంచి సుప్రీంకోర్టు దాకా పోరాడిన ప్రాంతం ఇది. కానీ ఎన్‌క్రిప్షన్ ఫ్యాక్టరీని చట్టం నుంచి దాచదు. తనిఖీకి వచ్చిన అధికారికి రికార్డులు చూపాల్సిన బాధ్యత అలాగే ఉంటుంది. పైగా కాలుష్య కొలతలు యంత్రం నుంచి నియంత్రణ మండలికి చేరేలోగా ఎవరూ మార్చకుండా చూడగలిగేది ఈ గణితమే. రాత్రిపూట ట్యాంకర్ ఎక్కడ ఖాళీ చేశారో చెప్పదలచిన కార్మికుడికీ అదే రక్షణ కావాలి.

చట్టం ఎలా ఉండాలి

మొదటిది, 84ఏ సెక్షన్ కింద నియమాలు రావాలి. అవి ఎన్‌క్రిప్షన్‌కు గరిష్ఠ హద్దు పెట్టకుండా, కనీస బలాన్ని నిర్దేశించాలి. 40 బిట్ల వంటి పాత షరతుల ఛాయలు ఏ లైసెన్సులోనూ మిగలకూడదు. రెండోది, మామూలు పాఠం దాచిపెట్టమనడం, కీలు డిపాజిట్ చేయమనడం, రహస్య ద్వారం పెట్టమనడం వద్దని చట్టమే స్పష్టంగా చెప్పాలి. టెలికాం రంగంలో ఎన్‌క్రిప్షన్ ప్రమాణాలు నిర్ణయించే అధికారం 2023 టెలికాం చట్టం కేంద్రానికిచ్చింది కాబట్టి ఈ మాట ఇప్పుడే చెప్పాలి. మూడోది, డీక్రిప్షన్ ఆదేశాలు న్యాయమూర్తి పరిశీలన దాటే రావాలి. నాలుగోది, స్కోమెట్ ఎనిమిదో విభాగం నిజంగా సైనిక, నిఘా పరికరాలకే పరిమితం కావాలి. సంగారెడ్డిలోనో మాదాపూర్‌లోనో కూర్చున్న చిన్న సంస్థ తన ఉత్పత్తికి అనుమతి కావాలో వద్దో సులువుగా తేల్చుకునేలా డీజీఎఫ్‌టీ తెలుగులోనూ మార్గదర్శకాలివ్వాలి.

రసాయన జాబితాను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. ఆ డ్రమ్ములు తప్పుడు చేతుల్లోకి వెళ్తే మనుషులు చస్తారు, వాటిని లెక్కపెట్టడం సాధ్యం, ఆ లెక్క వల్ల ప్రయోజనమూ ఉంది. ఎన్‌క్రిప్షన్ విషయంలో ముప్పయ్యేళ్ళ అనుభవం దీనికి సరిగ్గా వ్యతిరేకమైనదే చెబుతోంది. దాన్ని బలహీనపరిచినప్పుడల్లా నేరస్థులు తమ దారి తాము చూసుకున్నారు. నష్టపోయింది చట్టాన్ని నమ్మి నడిచినవాళ్ళు. కాజీపల్లిలో పనిచేసేవాళ్ళు ఆ రెండో కోవలో ఉన్నారు. చట్టం వాళ్ళ పక్షాన నిలబడాలి.